లిసియా వెండి నాణెం ఎదురైతే: బరువు నుంచి పేరు దాకా గుర్తుపట్టే పద్ధతి

లిసియా నాణెం అనగానే చూపు ముందుగా త్రిస్కెలిస్ మీద పడుతుంది. నడుమ చిన్న వలయం, దాని చుట్టూ ఒకే వైపుకు వంగిన మూడు కొంకీలు. అది కనబడగానే "ఇది లిసియాదే" అని రాసేస్తారు. తప్పులు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. పక్క ప్రాంతాల వాళ్లూ మూడు కాళ్ల గుర్తు వేశారు. లిసియా నాణేల్లోనే ఆ గుర్తు లేనివి బోలెడున్నాయి. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతి తిరగేసి నడుస్తుంది: ముందు బరువు, తర్వాత బొరుసు వైపు గుంట, ఆ తర్వాత అక్షరాలు, అన్నిటికంటే చివర బొమ్మ. మ్యూజియం అద్దం వెనక చూసినా, వేలం కేటలాగు ఫోటోలో చూసినా, చేతిలోకి తీసుకుని చూసినా వరుస ఇదే.

ముందు నేపథ్యం, పనికొచ్చేంత వరకే. లిసియా నేటి టర్కీకి నైరుతి మూలన, ఫెతియే, అంటాల్యా పట్టణాల మధ్య సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండల ప్రాంతం. క్రీ.పూ. 540 ప్రాంతంలో పర్షియా సేనాని హర్పగస్ దీన్ని గెలిచాడు. కప్పం కట్టినంత కాలం, యుద్ధానికి ఓడలు పంపినంత కాలం స్థానిక పాలకుల జోలికి పర్షియా పెద్దగా పోలేదు. క్రీ.పూ. 480లో గ్రీసు మీదికి వెళ్లిన పర్షియా చక్రవర్తి జెర్క్సెస్ నౌకాదళంలో లిసియా ఓడలు 50 ఉన్నాయని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ లెక్క. పడమటి టర్కీలో పర్షియా పాలనా కేంద్రమైన సార్డిస్‌లో చక్రవర్తి పేరిట విలుకాడి బొమ్మతో బంగారు డారిక్, వెండి సిగ్లోస్ తయారవుతూనే ఉన్నాయి. ఇక్కడ మాత్రం జాంథోస్, లిమిరా, ఫెల్లోస్, త్లోస్, పటారా లాంటి ఊళ్ల దొరలు తమ సొంత వెండి వేసుకున్నారు. ఒకే దొర నాలుగైదు ఊళ్లలో వేయించాడు, ఒకే ఊళ్లో నలుగురైదుగురు దొరలు వేయించారు. నాణెం మీదున్న పేరు మనిషిదో ఊరిదో తేల్చుకోవాల్సి రావడానికి కారణం ఇదే. ఈ వరుస క్రీ.పూ. 520 ప్రాంతంలో మొదలై 360 ప్రాంతంలో ముగుస్తుంది. ఆ పైన లిసియా పక్క ప్రాంతమైన కారియా పాలకుల చేతికి పోయింది. క్రీ.పూ. 334-333 చలికాలంలో అలెగ్జాండర్ వచ్చేనాటికి దొరల నాణేలు ఆగిపోయి చాలా ఏళ్లయింది.

కావలసినవి

0.01 గ్రాము వరకు చూపే త్రాసు, దాన్ని సరిచూసుకోవడానికి ఒక తూకపు రాయి, వెర్నియర్ కాలిపర్, 10 రెట్ల భూతద్దం, అటూ ఇటూ వంగే మెడ ఉన్న ఒక బల్బు, మెత్తని గుడ్డ పరిచిన పళ్లెం. ఇవి చాలు. నాణేన్ని అంచులు పట్టుకుని, ఎప్పుడూ ఆ గుడ్డ మీదే తిప్పండి. పాత వెండి లోపల రేణువులు విడిపోయి పెళుసుగా మారుతుంది. గచ్చు మీద పడితే బిస్కెట్‌లా విరిగిన నాణేలున్నాయి.

నల్లగా ఉందని కడగొద్దు. మన ఇళ్లలో వెండి సామాను తోమే చింతపండు, విభూది, నిమ్మరసం, టూత్‌పేస్టు ఏవీ దీని దరిదాపులకు రానివ్వకండి. పైనున్న ముదురు బూడిదరంగు పొర చాలాసార్లు వెండి క్లోరైడు. అది వెండిలోంచే పుట్టింది, అక్షరాల అంచులు దానిలోనే నిలిచి ఉంటాయి. గోకితే పొరతోపాటు అక్షరమూ పోతుంది. మట్టి అంటుకుని ఉంటే శుద్ధజలంలో కాసేపు నానబెట్టి, మెత్తని కుంచెతో అద్ది, గాలికి ఆరనివ్వాలి. అదీ పగుళ్లు లేని నాణేనికే.

బరువు

త్రాసును తూకపు రాయితో సరిచూసుకుని మూడుసార్లు తూచండి. మూడు అంకెల్లో 0.02 గ్రాముల కంటే ఎక్కువ తేడా వస్తే త్రాసు కింది బల్ల కదులుతోందో, ఫ్యాను గాలి తగులుతోందో చూడండి. చిన్న నాణేలకు ఆ గాలే ఫలితాన్ని తారుమారు చేస్తుంది.

పెద్ద నాణెం పేరు స్టేటర్. లిసియాలో దీనికి స్థూలంగా మూడు బరువులు కనిపిస్తాయి. తొలి దశవి, అంటే పంది బొమ్మతో అక్షరాలు లేనివి, ఎక్కువగా 9 నుంచి 9.5 గ్రాముల మధ్య తూగుతాయి. ఆ తర్వాత దారులు విడిపోయాయి. పడమట జాంథోస్ నది లోయలో తేలిక తూకం నడిచింది: 8.2 నుంచి 8.7 గ్రాములు. ఏథెన్స్ నాలుగు ద్రాక్మాల నాణెం 17.2 గ్రాములు కాబట్టి, ఇది దాదాపు దానిలో సగం. మధ్య, తూర్పు లిసియాలో బరువు తూకం నిలిచింది: 9.6 నుంచి 10 గ్రాములు. కాబట్టి 8.5 గ్రాముల స్టేటర్ మీద తూర్పు లిసియాలోని లిమిరాను ఏలిన పెరిక్లె పేరు కనబడితే నాణేన్ని కాదు, మీ చదువును ముందు అనుమానించండి. 9.8 గ్రాముల దాన్ని జాంథోస్ లోయకు కట్టబెట్టబోతున్నా అంతే.

చిన్నవి స్టేటర్‌లో మూడోవంతు, ఆరోవంతు, పన్నెండోవంతు. తేలిక తూకంలో ఇవి దాదాపు 2.8, 1.4, 0.7 గ్రాములు. బరువు తూకంలో దాదాపు 3.2, 1.6, 0.8. వీటి దగ్గరే చిక్కు. బాగా అరిగిన బరువు తూకపు మూడోవంతు 2.9కి దిగిపోతుంది, కొత్తగా ఉన్న తేలిక తూకపుది 2.85 ఉంటుంది. కనుక చిన్న నాణెం బరువును బట్టి ప్రాంతం తేల్చకండి. అది ఎన్నోవంతు అన్నంత వరకే తేల్చి ఆగండి. మన విద్ధాంక నాణేలు (గుర్తులు కొట్టిన ప్రాచీన వెండి నాణేలు) తూచి అలవాటున్నవాళ్లకు ఇంకో మాట: బరువు తూకపు మూడోవంతు మన కార్షాపణానికి దగ్గరగా తూగుతుంది. ఆ దగ్గరతనానికి అర్థమేమీ లేదు, కథలు అల్లకండి.

బరువు చేసే అసలు మేలు వేరే ఉంది. అది పొరుగువాళ్లను వేరుచేస్తుంది. తూర్పున పాంఫీలియాలోని అస్పెండోస్ నాణెం మీద ఒకవైపు సైనికుడు, రెండోవైపు మూడు కాళ్ల గుర్తు. తొందరలో చూస్తే లిసియాదనిపిస్తుంది. కానీ అది 11 గ్రాములకు కొంచెం అటూ ఇటూగా తూగుతుంది. పైగా దాని మీదున్నవి నిజంగా మనిషి కాళ్లే. తొడ, మోకాలు, పిక్క, పాదం విడివిడిగా తెలుస్తాయి. లిసియా గుర్తుకు పాదాలుండవు, కొక్కేల్లాంటి కొనలే ఉంటాయి. లిసియా తూర్పు తీరాన్నే ఉన్న గ్రీకు రేవు పట్టణం ఫసెలిస్ ఇంకో ఉచ్చు. దాని ఓడ ముందుభాగాన్ని పంది తల ఆకారంలో చెక్కారు. అరిగిపోతే అచ్చం లిసియా పందిలా కనిపిస్తుంది. అదీ 11 గ్రాముల దగ్గరే. పందికి రెక్కలుంటే అయోనియాలోని క్లాజొమెనాయి, రోడ్స్ దీవిలోని ఇయాలిసోస్ వైపు కూడా చూడాలి. 5.4 నుంచి 5.6 గ్రాములు తూగే అండాకారపు వెండి ముక్క మీద పరుగెత్తే విలుకాడుంటే అది పర్షియా సిగ్లోస్, దొరల నాణెం కానేకాదు.

బొరుసు గుంట

నాణెం వేసే పద్ధతి తెలిస్తే ఈ అడుగు తేలిక. బొమ్మ వైపు అచ్చును దాగలిలో బిగిస్తారు, దాని మీద వెండి బిళ్ళ పెడతారు, పైనుంచి బొరుసు అచ్చు ఉన్న ఉలిని నిలబెట్టి సుత్తితో కొడతారు. ఆ ఉలి కొన చతురస్రం కనుక బొరుసు మీద చతురస్రపు గుంట పడుతుంది. ఏది బొమ్మ, ఏది బొరుసు అన్న సందేహం వస్తే గుంట ఉన్న వైపే బొరుసు. బొమ్మ వైపు కాస్త ఉబ్బి ఉంటుంది. బల్ల మీద పెట్టి తాకితే ఒకవైపు ఊగుతుంది.

తొలి నాణేల్లో ఈ గుంట లోతుగా, మోటుగా ఉంటుంది. లోపల అడ్డదిడ్డంగా గీతలు తప్ప బొమ్మ ఉండదు. బిళ్ళ మందంగా, చిన్నగా ఉంటుంది. క్రీ.పూ. 5వ శతాబ్దం నడిచేకొద్దీ గుంటలోకి త్రిస్కెలిస్ వస్తుంది, దాని చుట్టూ చుక్కల చతురస్రం వస్తుంది, కొంకీల మధ్య అక్షరాలు చేరతాయి. 4వ శతాబ్దానికి బిళ్ళ పలచబడి వెడల్పవుతుంది, గుంట లోతు తగ్గి అంచుల్లో ఒక మెట్టులా మాత్రమే మిగులుతుంది. అక్షరం ఒక్కటీ చదవలేకపోయినా ఈ మూడు దశల్లో ఏదో చెప్పగలిగితే కాలాన్ని దాదాపు 50 ఏళ్ల లోపుకు తెచ్చినట్టే.

ఒక హెచ్చరిక. చాలా తర్వాత, రోమన్ల కాలం దాకా సాగిన లిసియా సమాఖ్య కూడా చతురస్రపు గుంటలోనే బొమ్మ వేసింది. అక్కడ ఒకవైపు అపోలో తల, గుంటలో తంత్రీ వాద్యం, గ్రీకు అక్షరాలు ఉంటాయి. వాద్యం కనిపిస్తే ఈ పద్ధతి పక్కన పెట్టేయండి, మీరు వేరే యుగంలో ఉన్నారు.

ఫోటోలో గుంట చూసేటప్పుడు కన్ను మోసపోతుంది. వెలుగు కింది వైపు నుంచి పడితే గుంట ఉబ్బుగా, ఉబ్బు గుంటగా కనిపిస్తుంది. మీరే ఫోటో తీస్తుంటే బల్బును నాణేనికి పైన ఎడమవైపు, గడియారంలో 10 ఉండే చోట, బల్లకు 30 డిగ్రీల ఎత్తున పెట్టండి. వేరేవాళ్ల ఫోటో అయితే దాన్ని 180 డిగ్రీలు తిప్పి మళ్లీ చూడండి. అర నిమిషం పని, చాలా పొరపాట్లు తప్పుతాయి.

అక్షరాలు

అందరూ భయపడేది ఇక్కడే. నిజానికి లిసియా లిపిలో 29 అక్షరాలే ఉన్నాయి, నాణేల మీద తరచుగా వచ్చేవి పదీ పన్నెండు. చిక్కంతా అవి గ్రీకు అక్షరాల్లా కనిపించి వేరేలా పలకడంతోనే. గ్రీకు వచ్చినవాళ్లే ఇక్కడ ముందుగా పప్పులో కాలేస్తారు.

ఆంగ్ల ఈ అక్షరం ఆకారం కనిపిస్తే అది 'ఇ'. పైకి చూసే బాణం గుర్తు 'ఎ'. గుండ్రటి ఓ ఆకారం 'ఉ'. ఆంగ్ల పీ ఆకారం 'ర'. పైనా కిందా అడ్డగీతలున్న నిలువు గీత, అంటే ఆంగ్ల పెద్ద ఐ ఆకారం, మన 'జ'కు దగ్గరి శబ్దం. ఎఫ్ ఆకారం 'వ'. తలకిందులైన వీ ఆకారం 'ల'. ఒక కాలు పొట్టిగా ఉన్న ద్వారబంధం లాంటిది 'ప'. క, మ, త మాత్రం మీరు ఊహించినట్టే ఉంటాయి. ఇవి ఒక చీటీ మీద గీసి పక్కన పెట్టుకుంటే సగం పేర్లు చదవొచ్చు.

ఒక పేరు అక్షరం అక్షరంగా చూద్దాం. ద్వారబంధం, బాణం, పీ, ఈ, కే, తలకిందుల వీ, మళ్లీ బాణం. వరుసగా ప, ఎ, ర, ఇ, క, ల, ఎ. పెరిక్లె. లిమిరాను ఏలిన దొర, దొరల వరుసలో దాదాపు చివరివాడు. బాణాన్ని అలంకారం అనుకుని వదిలేసి, ఈ ఆకారాన్ని 'ఎ'గా చదివితే పేరు పెగలదు. ఇంకోటి: కే, ఓ, ద్వారబంధం. క, ఉ, ప. ఇది కుప్ర్లి పేరుకు పొడి రూపం. 5వ శతాబ్దం మొదటి సగంలో, దాదాపు 480 నుంచి 440 వరకు, అందరికంటే ఎక్కువ నాణేలు వేయించింది ఇతనే. పేరు ఒకచోట రెండక్షరాలు, ఒకచోట మూడు, ఇంకోచోట పూర్తిగా కనిపిస్తుంది. ఓను 'ఒ' అనుకుని "కొప్" అని రాసుకుంటే జాబితాల్లో ఎంత వెతికినా దొరకదు.

చదవడంలో ఇంకో రెండు చిక్కులున్నాయి. త్రిస్కెలిస్ చుట్టూ అక్షరాలు మూడు ఖాళీల్లో విడిపోయి ఉంటాయి, ఎక్కడ మొదలో తెలియదు. కొన్ని అచ్చుల్లో రాత కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. అలాంటప్పుడు అక్షరాలను ఒక కాగితం మీద వలయంగా గీసుకుని, ప్రతి అక్షరం నుంచీ మొదలుపెట్టి రెండు దిక్కులా చదివి చూడండి. కే, పీ లాంటివి ఏ వైపు ముఖం పెట్టాయో చూస్తే దిక్కు సాధారణంగా తెలిసిపోతుంది. రెండోది, బిళ్ళ చిన్నదై అచ్చు పక్కకు జరిగితే ఒకటి రెండు అక్షరాలు నాణెం బయటే ఉండిపోతాయి. లేని అక్షరాన్ని ఊహతో పూరించినప్పుడు దాన్ని చదరపు బ్రాకెట్లో రాయండి. కనబడినదీ, మీరు అనుకున్నదీ కలిసిపోకూడదు.

చదివాక అది దొర పేరా, ఊరి పేరా? జాంథోస్‌ను వాళ్లు అర్న్న అన్నారు, పటారాను ప్త్తార, త్లోస్‌ను త్లావ. పేరు చివర 'హె' లాంటి ముక్క చేరితే 'ఫలానా ఊరికి చెందినది' అన్న ధ్వని. ఖెరెయి లాంటి దొరల నాణేల మీద మనిషి పేరూ ఊరి పేరూ రెండూ కనిపిస్తాయి. అలాంటివే మనకు వరం, ఎవరు ఎక్కడ ఏలారో వాటితోనే తేలుతుంది. ఊరి పేరు ఒక్కటే ఉంటే పాలకుడి గడి ఖాళీగా వదిలేయండి. ఖాళీ గడి కంటే తప్పు పేరు ఎక్కువ చెరుపు చేస్తుంది.

బొమ్మ, ముఖం

ఇప్పుడు బొమ్మకు రండి. పంది, రెక్కల గుర్రం, రెక్కల సింహం, ఎద్దు, స్ఫింక్స్, డాల్ఫిన్ ఇవన్నీ ఒక దొరకే చెందిన ముద్రలు కావు. కుప్ర్లి ఒక్కడి నాణేల్లోనే ఇవి రకరకాలుగా మారాయి. కాబట్టి జంతువును బట్టి పేరు చెప్పడం పనికిరాదు. జంతువు ఏ దిక్కు చూస్తోంది, పూర్తి శరీరమా ముందుభాగమేనా, కింద నేల గీత ఉందా, ఇవి రాసుకుంటే అచ్చులు పోల్చడానికి పనికొస్తాయి. త్రిస్కెలిస్ అయితే కొంకీలు ఏ వైపు తిరిగాయి, నడుమ వలయమా చుక్కా అన్నది తప్పనిసరిగా రాయండి. కొంకీలు రెండే ఉన్నవి, నాలుగున్నవి కూడా వస్తాయి. వాటిని విరిగిన త్రిస్కెలిస్ అనుకోకండి.

ముఖాల విషయం వేరు. పర్షియా చక్రవర్తి నాణెం మీదున్నది ఫలానా రాజు అని గుర్తుపట్టేలా ఉండదు, విల్లు పట్టిన రాజరూపం అంతే. లిసియా దొరలు మాత్రం తమ మొహాలే వేయించుకున్నారు. బతికున్న పాలకుడి ముఖం నాణెం మీదికి రావడంలో ప్రపంచంలోనే తొలి ఉదాహరణల్లో ఇవి కొన్ని. 5వ శతాబ్దం చివరి నాటి ఖెరెయి స్టేటర్ తీసుకోండి. బొమ్మ వైపు శిరస్త్రాణం పెట్టిన ఏథెనా దేవత, ఏథెన్స్ నాణేన్ని చూసి చెక్కినట్టే. తిప్పితే గడ్డమున్న మనిషి, తలకు పర్షియన్ల మెత్తటి టియారా టోపీ. ఒకే వెండి ముక్క మీద ఒకవైపు గ్రీకు దేవత, రెండోవైపు పర్షియా వేషంలో దొర. లిసియా రాజకీయం మొత్తం ఆ రెండు వైపులా ఉంది. టోపీ అంచులు చెవుల మీదుగా కిందికి వేలాడుతున్నాయో లేదో భూతద్దంతో చూడండి. అరిగిన నాణేల్లో దాన్ని జుట్టనుకుని దేవత తలగా రాసేస్తారు. గడ్డం కనబడకపోయినా ఆ అంచు కనిపిస్తుంది.

380-360 మధ్య నాణేలకు ఇంకో జాగ్రత్త కావాలి. ఎదురుగా చూస్తున్న సింహం ముఖపు తోలును మిత్రపత వేశాడు, ట్రబ్బెనిమి వేశాడు, పెరిక్లె కూడా వేశాడు. ముగ్గురివీ పక్కపక్కన పెడితే బొమ్మ వైపు తేడా చెప్పడం అనుభవజ్ఞులకూ కష్టమే. సింహం కనబడితే బొరుసు చదవకుండా పేరు రాయకండి. మిత్రపత స్టేటర్లలో ఒక రకానికి బొరుసు మీద టోపీ లేని, గడ్డమున్న తల ఉంటుంది, వెనక చిన్న త్రిస్కెలిస్. పేరు ఇరానీయం, తల మీద మాత్రం టియారా లేదు. పెరిక్లె ఇంకా ముందుకెళ్లాడు. అతని స్టేటర్ మీద ముఖం పక్కకు కాక దాదాపు మనవైపే తిరిగి ఉంటుంది. రేగిన జుట్టు, గడ్డం, కొన్ని అచ్చుల్లో పక్కన చిన్న డాల్ఫిన్. బొరుసు మీద కత్తి ఎత్తిన సైనికుడు, చేతిలో డాలు, చుట్టూ పేరు. ఎదురు ముఖానికి ముక్కే అన్నిటికంటే ఎత్తు కాబట్టి మొదట అరిగేది ముక్కే. ముక్కు చదునుగా ఉండి మిగతాదంతా పదునుగా ఉంటే అది వాడకంలో సహజంగా పోయిన అరుగు. ముక్కు పదునుగా ఉండి జుట్టు మొద్దుగా ఉంటే మాత్రం అనుమానించాలి.

పెరిక్లె కాలంలో చిన్న రాగి మిశ్రమ నాణేలూ వచ్చాయి. కొమ్ములున్న పాన్ దేవుడి తల ఒకవైపు, త్రిస్కెలిస్ ఒకవైపు. వీటికి బరువు కొలమానం కాదు, ఎందుకంటే రాగిని తూకం చూసి కాదు, లెక్క చూసి తీసుకున్నారు.

వెండేనా?

నీటి పరీక్ష ఇంట్లో చేయొచ్చు. గ్లాసులో శుద్ధజలం పోసి, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి (బుడగలు అంటకుండా), త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, గ్లాసు అడుగుకూ గోడకూ తగలకుండా పూర్తిగా ముంచండి. త్రాసు చూపే అంకెతో నాణెం పొడి బరువును భాగించండి. 8.50 గ్రాముల నాణేనికి త్రాసు 0.82 చూపితే 10.37. శుద్ధ వెండి 10.49 కాబట్టి ఇది బాగానే ఉంది. అదే 0.91 చూపితే 9.34. లోపల రాగి దిమ్మ, పైన వెండి రేకు ఉన్న ప్రాచీన దొంగ నాణెం కావచ్చు. దాని అంచున ఎక్కడో ఒకచోట ఆకుపచ్చ చిలుము పైకి తన్నుకొస్తుంది, వెతకండి.

ఈ పరీక్ష చిన్న నాణేలకు పనికిరాదు. 1.40 గ్రాముల దానికి 0.13 చూపితే 10.77 వస్తుంది, అదే అంకె ఒక్క గీత అటూ ఇటూ అయితే 10.00 నుంచి 11.67 దాకా ఊగుతుంది. 0.001 గ్రాము త్రాసు లేకుండా మొదలుపెట్టొద్దు. పగుళ్లున్న నాణేన్ని అసలు ముంచొద్దు. నీరు లోపలికి దూరి లెక్కా తప్పుతుంది, నాణెమూ చెడుతుంది.

మంచి వెండితో చేసిన నేటి దొంగ నాణెం ఈ పరీక్షలో దర్జాగా నెగ్గుతుందని గుర్తుంచుకోండి. దానికి కళ్లే దిక్కు. పోతపోసినదైతే అంచు చుట్టూ సన్నని అతుకు గీత, నేపథ్యంలో సూదిమొన గుంటలు, గుండ్రబడిన అక్షరాల అంచులు కనిపిస్తాయి. సుత్తి దెబ్బకు అసలు బిళ్ళ అంచు పగిలితే ఆ పగులు లోపల గరుకుగా, కోసుగా ఉంటుంది. పోత నాణెంలో పగులు అడుగు నున్నగా గుండ్రంగా ఉంటుంది. అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఇంకోటి: ఒకే అచ్చుతో వేసిన రెండు నాణేలకు బొమ్మ ఒకేలా ఉండొచ్చు, బిళ్ళ ఆకారమూ అంచు పగులూ ఒకేచోట ఉండటం కుదరదు. అలా ఉంటే కనీసం ఒకటి నకలు. ధర ఎక్కువ పలికే ఖెరెయి, పెరిక్లె ముఖాల నాణేలకు ఈ పోలిక తప్పకుండా చేయండి. పాత వేలాల ఫోటోలు ఆన్‌లైన్లో దొరుకుతాయి, ఒక పూట వాటికి ఇవ్వండి.

రాసిపెట్టడం

లోహం, బరువు, పెద్ద వ్యాసం, చిన్న వ్యాసం, అచ్చుల దిక్కు, బొమ్మ, బొరుసు, కనబడిన అక్షరాలు, మీ నిర్ణయం. ఈ వరుస మార్చకండి, నిర్ణయం చివరే రావాలి. అచ్చుల దిక్కు కోసం నాణేన్ని బొమ్మ తిన్నగా ఉండేలా పైనా కిందా రెండు వేళ్లతో పట్టుకుని పక్కకు తిప్పండి, బొరుసు తల గడియారంలో ఏ అంకె వైపు ఉందో రాయండి. లిసియాలో ఇది స్థిరంగా ఉండదు, ఎటైనా రావచ్చు. బొరుసు మీద అక్షరాలు లేని త్రిస్కెలిస్సో, ఉత్త గుంటో ఉంటే పైభాగం ఏదో చెప్పలేం. అప్పుడు ఆ గడిలో గీత పెట్టండి, ఊరికే 12 అని రాయకండి.

నాణెం ఎక్కడ్నుంచి వచ్చింది అన్న గడి మిగతా అన్నిటికంటే ముఖ్యం. 1984లో టర్కీలోని ఎల్మాలి దగ్గర దాదాపు 1,900 వెండి నాణేల నిధి దొంగతనంగా తవ్వి దేశం దాటించారు. అందులో ఏథెన్స్ పది ద్రాక్మాల నాణేలు 14 ఉండటంతో పేరు మోగింది, కానీ పెద్ద భాగం లిసియా వెండే. చాలా మటుకు 1999లో టర్కీకి తిరిగొచ్చింది, ఇప్పుడు అంటాల్యా మ్యూజియానిది. అంతా రాలేదు. కాబట్టి క్రీ.పూ. 460కి ముందటి లిసియా నాణెం 1984 తర్వాతే మొదటిసారి బజార్లో కనబడి, అంతకుముందు ఎవరి దగ్గరుందో కాగితం లేకపోతే దాన్ని ముట్టుకోకపోవడమే మేలు. అదే ప్రాంతంలో 1957లో దొరికిన పొదాలియా నిధి పెరిక్లె, మిత్రపత, ట్రబ్బెనిమి నాణేలతో నిండినది. ఆ ముగ్గురి నాణేలకు ఆ ఏడాదికి ముందటి రికార్డు ఉందా అని అడగండి.

టర్కీలో 1983 నాటి 2863వ చట్టం ప్రకారం ఇలాంటివి దేశం దాటించడం నేరం. విహారానికి వెళ్లినప్పుడు శిథిలాల దగ్గర ఎవరైనా జేబులోంచి తీసి చూపితే అది నకలైనా చిక్కే, అసలైతే ఇంకా పెద్ద చిక్కు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు గమనించాల్సింది, టర్కీ పురావస్తువుల దిగుమతిపై 2021లో అక్కడ ఆంక్షలు పెట్టారు, ఆ జాబితాలో నాణేలూ చేరాయి. మన దేశంలో 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే, ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయడానికి లేదు. కొన్న రశీదు, పాత వేలం పేజీ, దిగుమతి కాగితం మూడింటినీ స్కాన్ చేసి, నాణెం రికార్డులో ఆ గడి పక్కనే జతచేసి ఉంచండి.